మూడు చక్రాల బండి – ముగ్గురి క్షేమము



మూడు చక్రాల బండి అనగానే మన తరం వారికి గుర్తుకు వచ్చేది వడ్రంగి చేసిచ్చిన చెక్క నడక బండి. ఏడాది బిడ్డ దాని అడ్డకర్ర పట్టుకొని, బండి కిర్రుమంటూ ముందుకు సాగుతుంటే తానూ ఒక్కొక్క అడుగు వేసేది. దానిని ఎంచుకోవడానికి ఎవరమూ తల బద్దలు కొట్టుకోలేదు. ఒక బిడ్డకు నడక వచ్చాక అది పక్కింటికి, అక్కడి నుండి ఎదురింటికి వెళ్లిపోయేది.

ఈ నెల మేము వ్రాయబోయేది ఆ బండిని గురించి కాదు. బిడ్డను పడుకోబెట్టి లేక కూర్చోబెట్టి వెనుక నుండి తోసుకుపోయే మూడు చక్రాల పుష్‌చెయిర్‌ను గురించి. విదేశాలలో ఉన్న కుమార్తెల, కోడళ్ల పురుళ్లకు వెళ్లివచ్చే తల్లిదండ్రులు మన సంఘాలలో అనేకులున్నారు. అక్కడ దిగిన కొద్ది రోజులకే ఈ బండి మాట ఇంట్లో వస్తుంది. మాకూ వచ్చింది. అప్పుడు మేము చేయబోయిన పొరపాటును దాచుకోకుండా చెబితే మరికొందరికి మేలు కలుగుతుందని వ్రాస్తున్నాము.

మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో ఉంటారు. దేవుడు వారికి తొలిచూలు ఆడబిడ్డను అనుగ్రహించాడు. సిజేరియన్ కాన్పు. వారిల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అల్లుడికి రోజూ ఉదయం రౌండ్‌హే పార్కులో పరుగెత్తే అలవాటు. బిడ్డను బండిలో ఉంచి, తోసుకుంటూ పరుగెత్తాలని అతని కోరిక. కోరికలో తప్పేమీ లేదు. తండ్రి బిడ్డతో సమయం గడపాలనుకోవడం సంతోషించవలసిన సంగతే.

బిడ్డకు అయిదు వారాలు నిండినప్పుడు అందరం దుకాణానికి వెళ్లాము. పెద్ద గాలి టైర్లు, నల్లని సీటు, మెరిసే చట్రం! ఒక్క వేలితో తోస్తే చాలు, నీటి మీద పడవలా సాగింది. ధర 400 పౌండ్ల పైచిలుకు. నిజం చెప్పాలంటే, అందరికన్నా ముందు దానికి లొంగిపోయినది మేమే. మనుమరాలిని అందులో పెట్టి ఫోటో తీసి సంఘంలోని వారికి పంపాలన్న ముచ్చట కూడా మా మనసులో ఉన్నది. “బాబూ, ఇదే తీసుకోండి, సగం మేము పెట్టుకుంటాము” అని తొందరపడ్డాము.

అమ్మాయి మాత్రం మాట్లాడలేదు. మళ్లీ మళ్లీ అడిగితే మెల్లగా అన్నది: “నాన్నా, మీరిద్దరూ వెళ్లిపోయాక, ఆయన ఆఫీసుకు వెళ్లాక, దీన్ని మెట్లు ఎవరు దింపుతారు?”

మాకు నోట మాట రాలేదు. కాన్పయి వచ్చినప్పటి నుండి ఆమె బయటి గాలి పీల్చినది రెండే రెండు సార్లు, అదీ ఆసుపత్రికి. సాయంత్రాలు కిటికీ దగ్గర నిలబడి ఊరకే కన్నీళ్లు పెట్టుకొనేది. బాలింతకు అలసట సహజమేలే అనుకున్నాము. ఆ బండి కొంటే తలుపు పక్కన అందంగా నిలబడి ఉండేది. మా బిడ్డ మాత్రం ఆ నాలుగు గోడల మధ్యనే ఉండిపోయేది.

ఆ రోజు కొనకుండా వచ్చేశాము. ఆ బండి బరువు 13 కిలోలని దుకాణంలో చెప్పారు. ఇంటికి వచ్చాక అల్లుడు 10 కిలోల బియ్యం సంచి ఒక చేత, బిడ్డకు బదులుగా ఒక దిండు రెండవ చేత పట్టుకొని మూడంతస్తులూ దిగి ఎక్కి వచ్చాడు. ఆయాసం తీరాక, “మామయ్యగారూ, ఆమె చెప్పింది నిజమే” అన్నాడు. అతడు తగ్గినందుకు కాదు, తెలుసుకున్నందుకు మాకు అతనిపై గౌరవం పెరిగింది. అది మొదలు వారం రోజులు నలుగురం కూర్చొని ఈ బండ్ల గురించి విచారించాము. మేము తెలుసుకున్న సంగతులు ఇవి.

బిడ్డ బండ్ల చరిత్రలో ఒక తాతగారు, ఒక తండ్రి ఉన్నారు. విమానాల చక్రాల అమరికలో అనుభవమున్న ఓవెన్ మెక్లారెన్ అనే ఇంగ్లండు ఇంజినీరు, తన కుమార్తె పసిబిడ్డతో బరువైన బండిని ప్రయాణాలలో మోయలేక పడే అవస్థను చూశాడు. 1965లో గొడుగువలె ముడుచుకొనే అల్యూమినియం బండిని రూపొందించాడు. దాని బరువు 3 కిలోల లోపే. ఇక పరుగుకు పనికివచ్చే మూడు చక్రాల బండిని 1984లో అమెరికాలోని యాకిమా పట్టణంలో ఫిల్ బేష్లర్ అనే పత్రికా విలేఖరి తయారుచేశాడు. కుమారునితో కలిసి పరుగెత్తాలని మామూలు బండికి సైకిలు చక్రాలు అమర్చాడు. మొదటిది తల్లి అవసరము చూసి పుట్టింది, రెండవది తండ్రి పరుగు కోసం పుట్టింది. రెండూ మంచివే. మన ఇంటికి ఇప్పుడు కావలసినది ఏదన్నదే ప్రశ్న.

కనుక బండికి చక్రాలు ఎన్ని అని అడిగే ముందు ముగ్గురిని తలచుకోవాలి.

మొదటిది, బిడ్డ. పసికందు మెడ నిలవదు. కూర్చున్న భంగిమలో తల ముందుకు వాలి, గడ్డం రొమ్ముకు ఆని, ఊపిరికి అడ్డు తగలవచ్చు. అందుచేత పుట్టిన నాటినుండి వాడే బండిలో బిడ్డ వెల్లకిలా పడుకొనగలగాలి. ఐరోపా ప్రమాణం ప్రకారం సీటుకూ వీపుకూ మధ్య కోణం కనీసం 150 డిగ్రీలు లేని బండి ఆరు నెలల లోపు బిడ్డకు తగదు. పూర్తిగా చదునుగా ఉంటే మరీ మంచిది. పరుగు సంగతి వేరు. బండి ఎంత ఖరీదైనదైనా ఆరు నెలల లోపు బిడ్డను అందులో ఉంచి పరుగెత్తరాదు. కొన్ని బండ్లకు ఆ వయసు ఇంకా ఎక్కువ. వైద్యుణ్ణి అడిగి, బండితో వచ్చిన పుస్తకం చదివి మొదలుపెట్టాలి. బెల్టు రెండు భుజాల మీద, నడుముకు రెండు పక్కల, కాళ్ల మధ్య, ఇలా అయిదు చోట్ల బిగియాలి. ఎండ తగులుతుందని బండి మీద దుప్పటి గాని చీర కొంగు గాని కప్పకండి. పలుచని బట్ట అయినా లోపల గాలి ఆడక వేడి పెరుగుతుంది, బిడ్డ ముఖమూ మనకు కనబడదు.

రెండవది, తోసేవారు. మూడు చక్రాల బండికి గొప్ప గుణాలు ఉన్నాయి. పెద్ద గాలి చక్రాలు గడ్డి మీద, కంకర మీద కుదుపు లేకుండా పోతాయి. ఒక్క చేత్తోనే మలుపు తిప్పవచ్చు. లోపాలూ ఉన్నాయి. అది పొడవు, బరువు. ముడిచినా చోటు చాలా ఆక్రమిస్తుంది. గాలి టైరు గనుక పంక్చరు పడుతుంది. ముందు ఒకే చక్రం ఉండడం వలన, ఒక పక్క వెనుక చక్రం కాలిబాట అంచు దిగితే ఒరిగిపోయే అవకాశం ఎక్కువ. పిడికి కూరగాయల సంచులు తగిలిస్తే ఏ బండి అయినా వెనక్కు తిరగబడవచ్చు. పరుగెత్తేటప్పుడు ముందు చక్రం అటూ ఇటూ తిరగకుండా బిగించాలి. చేతి బ్రేకు ఉండాలి. బండి చేజారకుండా మణికట్టుకు పట్టీ ఉండాలి. లీడ్స్ వంటి ఎత్తుపల్లాల ఊరిలో ఆ పట్టీ అలంకారం కాదు. 2018లో అమెరికా ప్రభుత్వపు వినియోగ వస్తువుల భద్రతా సంఘం ఒక కంపెనీ మూడు చక్రాల బండ్లపై ఫిర్యాదు వేసింది. ముందు చక్రాన్ని సులువుగా ఊడదీసే మీట సరిగా బిగియకపోతే, నడుస్తుండగానే చక్రం ఊడి దెబ్బలు తగిలాయన్నది ఆరోపణ. కనుక బయలుదేరే ముందు ప్రతిసారీ ముందు చక్రాన్ని చేత్తో లాగి చూడడం అలవాటు చేసుకోవాలి.

మూడవ వ్యక్తిని మేము అసలు తలచుకోలేదు. ఆ సంగతి మాకు తెలియజేసినది ఆ ప్రాంతంలోనే జరిగిన ఒక వ్యాజ్యం. 2012 ఫిబ్రవరిలో డగ్ పాలీ అనే సోదరుడు చక్రాల కుర్చీలో వెథర్‌బీ నుండి లీడ్స్ వెళ్లే బస్సు ఎక్కబోయాడు. చక్రాల కుర్చీకి కేటాయించిన చోట ఒక తల్లి నిద్రిస్తున్న బిడ్డతో, పుష్‌చెయిర్‌తో ఉన్నది. డ్రైవరు జరగమని అడిగాడు. బండి ముడవడానికి వీలుపడదని ఆమె జరగలేదు. ఆయన బస్సు దిగిపోవలసి వచ్చింది. ఆ వ్యాజ్యం బ్రిటన్ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. జరగమని ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదు, డ్రైవరు ఇంకా ప్రయత్నించాలని 2017 జనవరిలో తీర్పు వచ్చింది.

ఆ తల్లిని నిందించడానికి మాకు మనసు రాదు. నిద్రపోతున్న బిడ్డను లేపడం ఎంత కష్టమో తల్లులకు తెలుసు. అయితే మేము కొనబోయిన బండి బస్సులో ముడవ వీలులేనిది. అది కొని ఉంటే ఏదో ఒక రోజు మా అమ్మాయి కూడా అదే చోట, అదే మాట చెప్పి కూర్చొనవలసి వచ్చేది. పొరుగువానిని ప్రేమించడమన్నది ఆదివారం ప్రసంగంలోనే కాదు, దుకాణంలో బండి ఎంచుకొనేటప్పుడు కూడా గుర్తుండవలసిన ఆజ్ఞ అని ఆనాడు మాకు బోధపడింది.

చివరకు మా అమ్మాయే ఎంచుకున్నది. చదునుగా వాలే సీటు గల నాలుగు చక్రాల బండి, 7 కిలోలు, ఒక చేత్తో ముడుచుకుంటుంది. వారి సంఘంలోని ఒక కుటుంబం వాడి పక్కన పెట్టినది, 60 పౌండ్లకు ఇచ్చారు. పాత బండి తీసుకొనేవారు ఈ నాలుగూ చూడండి: బరువు పెట్టి వాలులో నిలిపినప్పుడు బ్రేకు ఆగుతున్నదా, బెల్టు బకిల్ గట్టిగా పడుతున్నదా, విప్పినప్పుడు చట్రం గొళ్లెం పూర్తిగా పడుతున్నదా, ఆ రకాన్ని కంపెనీ ఎప్పుడైనా వెనక్కు పిలిచిందా. బ్రేకు చూడడానికి 5 కిలోల బియ్యం సంచి చాలు. బిడ్డను పెట్టి పరీక్షించకండి. బండి విప్పేటప్పుడు, ముడిచేటప్పుడు పెద్ద పిల్లల వేళ్లు కీళ్ల మధ్య నలగకుండా వారిని దూరంగా ఉంచండి.

అందరికీ ఇదే సరియైనదని మేము చెప్పడం లేదు. నేలమీది ఇల్లు, కారు డిక్కీలో తగినంత చోటు, పొలం గట్ల వంటి దారులు, ఆరు నెలలు దాటిన బిడ్డ ఉన్నవారికి మూడు చక్రాల బండి ఎంతో హాయి. మన ఊళ్లలో కాలిబాటలు చాలచోట్ల గుంటలే గనుక అపార్టుమెంటు ఆవరణలో తిప్పుకొనేవారికి గాలి టైర్లు మేలే. కొనేముందు మెట్లు లెక్కపెట్టండి, తలుపు వెడల్పు కొలవండి, రోజూ తోసేవారి చేత తోయించి చూడండి. గోపురము కట్టేవాడు ముందుగా ఖర్చు లెక్క వేసుకోవాలని మన ప్రభువు చెప్పినది (లూకా 14:28) డబ్బు లెక్క ఒక్కటే కాదు గదా.

మా అల్లుడి పరుగు సంగతి అడుగుతారేమో. అతడు ఆగాడు. బిడ్డకు ఎనిమిది నెలలు వచ్చాక వైద్యుణ్ణి అడిగి, స్నేహితుని గరాజులో ఉంచుకొనే ఏర్పాటుతో ఒక పాత మూడు చక్రాల బండి తీసుకున్నాడు. ఇప్పుడు శనివారం ఉదయాలు తండ్రీకూతుళ్లవి. ఆ రెండు గంటలూ తల్లి నిద్రపోతుంది.

యాకోబు, ఏశావు ఏళ్ల తరువాత కలుసుకున్నప్పుడు ఏశావు కలిసి ముందుకు సాగుదామన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివారు, మందలలో పాలిచ్చేవి ఉన్నవి, వాటి నడకకు, పిల్లల నడకకు తగినట్లు నేను మెల్లగా వస్తానన్నాడు (ఆదికాండము 33:13, 14). నాలుగు వందల మందితో వచ్చిన అన్న ఎదుట ఆ మాట చెప్పడానికి అతడు సిగ్గుపడలేదు. కుటుంబమన్నది అందరికన్నా మెల్లగా నడిచేవారి అడుగును బట్టి సాగాలి. ఆ వారం మా ఇంట్లో అందరికన్నా మెల్లగా నడుస్తున్నది పసిబిడ్డ కాదు, ఆ బిడ్డ తల్లి. ఆమె అడుగు మాకు కనబడడానికి ఆమే నోరు తెరవవలసి వచ్చింది.

మేము తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు, ఆమె తానే బండి దింపుకొని మాతో బస్సు ఎక్కింది. మూడో స్టాపులో చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన కనబడ్డాడు. డ్రైవరు అడగకమునుపే అమ్మాయి బిడ్డను మా ఒడిలో పెట్టి, బండి ముడిచి, పక్కకు జరిగింది. ఆ పెద్దాయన టోపీ తీసి నవ్వాడు. మా మనుమరాలు నిద్ర లేచి ఏడ్చింది, కాసేపటికి ఊరుకుంది. ఆ రోజు మా అమ్మాయి ముఖంలో కనబడిన నవ్వు వెల 400 పౌండ్లకు మించినదే.

మీ ఇంట పసిబిడ్డ ఉన్నట్లయితే, ఈ వారం ఆ బిడ్డ తల్లిని ఒక్క మాట అడగండి: “అమ్మా, నువ్వు బయటకు వెళ్లి ఎన్నాళ్లయింది?” తరువాత బండి సంగతి మాట్లాడుకోవచ్చు.