భూమి కేసులకి లాయర్లున్నారు, ఆసుపత్రి చీటీకి ఎవరున్నారు?



ఈ మధ్య రంపచోడవరంలో లాసెట్ రాయబోతున్న మన పిల్లలు కొందరు కలిశారు. లా చదివి ఏం చేస్తారని అడిగితే అందరిదీ ఒకటే మాట. 1/70, పోడు పట్టాలు, పోలవరం ప్యాకేజీ. సంతోషమే. డిగ్రీ అయ్యాక నేనూ అదే మాట చెప్పి లా కాలేజీ మెట్లెక్కాను. కానీ ఫైనలియర్‌కి వచ్చాక ఇంకో మాట చెప్పాలనిపిస్తోంది. మీలో ఒకరిద్దరైనా హెల్త్ లా పట్టుకోండి.

"హెల్త్ లా అంటే ఏంటన్నా, డాక్టర్ల మీద కేసులేయడమా?" అని ఒక చెల్లెలు అడిగింది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, మా పెద్దమ్మ పోయేదాకా.

వానాకాలం. జ్వరం, ఆయాసం. డోలీ కట్టి రోడ్డు దాకా మోశాం, అక్కణ్ణించి ఆటో. మొదటి ఆసుపత్రిలో చిన్న చీటీ మీద ఒక ముక్క రాసి పై ఆసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ బెడ్ లేదని ఇంకో చోటికి. మూడో చోట తెల్లారేసరికి ప్రాణం పోయింది. ఏం జబ్బు, ఏం మందిచ్చారు, ఏ టైముకి ఎవరు చూశారు అని అడిగితే కాగితాలు మీకివ్వరు అన్నారు. మేం తలూపి వచ్చేశాం. నేను అప్పటికే లా మొదటి సంవత్సరం చదువుతున్నా, గుర్తుపెట్టుకోండి.

తర్వాత తెలిసింది. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్న మనిషి గానీ అడిగితే డాక్టరు 72 గంటల్లో రికార్డులివ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్లు దాచాలి. సమాచార హక్కు చట్టంలో ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఉంది. ఈ రెండు ముక్కలు ఆరోజు నాకు తెలిసుంటే పెద్దమ్మ బతికొచ్చేది కాదు. కానీ ఆవిడ ఎందుకు పోయిందో ఇవాళ మా ఇంట్లో తెలిసుండేది.

2017 వేసవిలో వై.రామవరం మండలం చాపరాయిలో కొద్ది వారాల్లోనే 16 మంది కొండరెడ్లు చనిపోయారని పేపర్లలో వచ్చింది. చాలామంది పోయాక గానీ బయటికి తెలియలేదు. మన ఊళ్లలో చావుకి కాగితం ఉండదు. కాగితం లేని చావుకి కోర్టులో ఏం చెప్తాం?

ఇంకో సంగతి. టౌన్లో హెల్త్ లా పాఠం ఎక్కువగా వినియోగదారుల కోర్టుతో మొదలవుతుంది. 1995లో ఐ.ఎం.ఎ. వర్సెస్ వి.పి.శాంత తీర్పులో వైద్యం కూడా సేవే, డబ్బు కట్టిన రోగి వినియోగదారుడే అని సుప్రీంకోర్టు చెప్పింది. బావుంది. కానీ అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రిని అందులోంచి తీసేసింది. మనం వెళ్లేదే ఆ ఆసుపత్రికి! అంటే మన పాఠం వేరే చోట మొదలవ్వాలి. 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసు చదవండి. రైలు మీంచి పడ్డ కూలీని ఒకదాని తర్వాత ఒకటి ప్రభుత్వాసుపత్రులు చేర్చుకోలేదు. చివరికి ప్రైవేటులో డబ్బు కట్టి బతికాడు. అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమే, డబ్బుల్లేవని రాష్ట్రం తప్పించుకోలేదని కోర్టు చెప్పి 25,000 రూపాయలు పరిహారం ఇప్పించింది. నేను ఆ తీర్పు చదువుతుంటే మా పెద్దమ్మ కథ ఎవరో ముందే రాసిపెట్టినట్టనిపించింది.

అనుమతి సంగతీ ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం కూడా ఉన్న మూడు మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. అమెరికా సంస్థ పాత్, ఐ.సి.ఎం.ఆర్., అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. సుమారు 14,000 మంది పిల్లలు, హాస్టళ్లలో ఉన్న మన పిల్లలూ అందులో ఉన్నారు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది, టీకా చెడ్డదని నేనూ అనడం లేదు. నా బాధ వేరు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అమ్మానాన్న బతికుండగా వార్డెను ఎవరండీ సంతకం పెట్టడానికి? ఆ కేసే సుప్రీంకోర్టుకెళ్లి, పార్లమెంటరీ సంఘాల నివేదికల్ని కోర్టు చూడొచ్చా అనే ప్రశ్నగా మారింది. చూడొచ్చని 2018 మే నెలలో అయిదుగురు జడ్జిల బెంచి తేల్చింది. కల్పనా మెహతా కేసు అంటారు. దేశమంతా లా క్లాసుల్లో చదివే తీర్పు మన పిల్లల చేతికి గుచ్చిన సూదితో మొదలైంది. దాని గురించి మన ఊళ్లో ఎంతమందికి తెలుసు?

"ముందు భూమి నిలబడనీ, ఆసుపత్రి సంగతి తర్వాత" అని మా పెద్దలంటారు. వాళ్ల మాట కొట్టెయ్యను. 1997 సమత తీర్పు వచ్చిందంటే భూమి చట్టం పట్టుకున్నవాళ్లు ఉండబట్టే. కానీ రెండూ వేరు వేరని ఎవరన్నారు? అటవీ హక్కుల చట్టం తీసి సెక్షన్ 3(2) చూడండి. అందరూ 3(1) చదివి పుస్తకం మూసేస్తారు. ఆసుపత్రి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులు, రోడ్డు సహా 13 రకాల ప్రభుత్వ సౌకర్యాలకి గ్రామసభ సిఫారసు చేస్తే అటవీ భూమి ఇవ్వొచ్చని అందులో ఉంది. ఒక్కోదానికి హెక్టారు లోపు, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు. లెక్కేయండి. మూడు మీటర్ల వెడల్పు రోడ్డైతే హెక్టారులో మూడు కిలోమీటర్ల పైనే వస్తుంది. మా పెద్దమ్మని డోలీలో మోసిన దూరం అంతకంటే తక్కువ. "ఫారెస్టోళ్లు ఒప్పుకోరు" అని ఎన్నేళ్లుగా వింటున్నాం? గ్రామసభ తీర్మానం రాసిచ్చే మనిషి లేక ఆగిన రోడ్లు ఎన్నో. నాకు తెలిసి ఇదే మన హెల్త్ లా.

పోలవరం కాలనీలకి పోయిన మనవాళ్లకీ ఇదే చెప్తాను. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్లో రెండు కిలోమీటర్ల లోపు ఉప ఆరోగ్య కేంద్రం ఉండాలని రాసుంది. ప్యాకేజీ డబ్బుల గురించి అడిగినంత గట్టిగా దీన్ని అడిగామా?

1993లో బోస్టన్‌లో జుకర్‌మన్ అనే పిల్లల డాక్టరు ఆసుపత్రిలోకే లాయర్లని తెచ్చుకున్నాడు. ఉబ్బసం పిల్లలకి మందిచ్చి పంపితే, బూజు పట్టిన ఇంటికే పోయి మళ్లీ జబ్బుతో వస్తున్నారు. ఇంటి యజమాని చేత బాగు చేయించడం మందుతో అయ్యే పని కాదు కదా. అక్కడి లా కాలేజీల్లో చాలావాటిలో డిగ్రీతో పాటే హెల్త్ లా సర్టిఫికెట్ కూడా తీసుకోవచ్చు.

మరి మనకి? బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో రాజ్యాంగ గ్రూపు ఐచ్ఛిక పేపర్లలో హెల్త్ లా ఉంది. ఉండటం వేరు, కాలేజీలో చెప్పడం వేరు. నేను అడిగితే "ఒక్కడి కోసం పేపర్ పెట్టలేం" అన్నారు. నలుగురు కలిసి, సెమిస్టర్ మొదలవ్వకముందే, రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ ఇవ్వకపోతే బెంగళూరు నేషనల్ లా స్కూల్ దూరవిద్యలో మెడికల్ లా అండ్ ఎథిక్స్ పీజీ డిప్లొమా ఉంది, డిగ్రీ ఉన్నవాళ్లు చేరొచ్చు. ఫీజు మనకి బరువే, దాచను. డబ్బు లేకపోతే ఇంటర్న్‌షిప్పయినా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో చెయ్యండి. 1987 చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్టీ అయితే చాలు, ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం. అదే చట్టంలో పర్మినెంట్ లోక్ అదాలత్ ఉంది. ఆసుపత్రి సేవ మీద ఫిర్యాదు కోర్టు ఫీజు లేకుండా అక్కడ వెయ్యొచ్చు.

లా చదవకపోయినా ఫర్వాలేదు. ఆశా అక్కలు, డిగ్రీ పిల్లలు ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవర్ని ఎన్నింటికి మోశారు, ఎక్కడ ఎన్నింటికి చూశారు, చీటీ మీద ఏముంది, ఫోటోతో సహా. కోర్టుకి పనికొచ్చే మొదటి కాగితం అదే అవుతుంది.

జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా మనకి పెద్దాసుపత్రంటే రాజమండ్రి, కాకినాడే. వచ్చే ఆదివారం రంపచోడవరం సంత దగ్గర కూర్చుంటాను. రికార్డులు అడిగే దరఖాస్తు, 3(2) గ్రామసభ తీర్మానం నమూనాలు తెలుగులో రాసి తెస్తా. లాసెట్ రాసేవాళ్లు హాల్ టికెట్ వచ్చిందా లేదా అని కూడా అక్కడే చెప్పండి.