సర్టిఫికెట్లు అమ్మేవాళ్లు ఎందరో, పని నేర్పేదెవరు?

నరసరావుపేటలోనో మాచర్లలోనో బీటెక్ పూర్తిచేసిన కుర్రాడిని ఏం చేస్తావని అడగండి. "సైబర్ సెక్యూరిటీ అండీ" అంటాడు. మంచిదే. కానీ ఆ మోజు పసిగట్టి బేరగాళ్లు దిగారు. 45 రోజుల్లో హ్యాకర్‌ని చేస్తారట! మిరప అమ్మిన సొమ్ము తెచ్చి తండ్రి వాళ్ల బల్ల మీద పెట్టాలట!

ఈ రంగంలో తొలి ఉద్యోగం సినిమాలో చూపించినట్టు ఉండదు. సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో అనలిస్టుగా చేరతారు. రాత్రి షిఫ్టులు తప్పవు. కంప్యూటర్ల లాగ్‌లు చూస్తూ, వచ్చిపడే హెచ్చరికల్లో ఏది ఉత్తిదో, ఏది అసలు చొరబాటో తేల్చాలి. అది తేలాలంటే ఐపీ అడ్రస్, డీఎన్‌ఎస్, లినక్స్ చేతికి అలవాటై ఉండాలి. వీటికి లక్షల ఫీజు ఎందుకు? వైర్‌షార్క్ ఉచితం. పోర్ట్‌స్విగ్గర్ వారి వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితం. ఓవర్‌దవైర్ అభ్యాసాలూ ఉచితమే. ఆరు నెలలు కుదురుగా కూర్చుని, చేసిన ప్రతి పనినీ సొంత మాటల్లో రాసిపెట్టుకుంటే ఇంటర్వ్యూలో అదే చూపించవచ్చు. పద్ధతిగా చదవాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్‌లో పీజీ డిప్లొమా ఉంది, సీ-క్యాట్ రాయాలి. సర్టిఫికెట్ల సంగతి ఉద్యోగం వచ్చాక, వీలైతే కంపెనీ ఖర్చుతోనే చూసుకోవచ్చు.

నేర్చుకున్నాం కదా అని కాలేజీ మార్కుల సర్వర్ మీద ప్రయోగాలు చేయకండి. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. రాతపూర్వక అనుమతి లేనిదే ఎవరి కంప్యూటరూ ముట్టుకోవద్దు.

కాంబోడియా గుర్తుందా? 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన వ్యవహారం. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన యువకులను తీసుకెళ్లి, నిర్బంధించి, మన దేశస్థులకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. ఇక్కడ నాలుగు మెతుకులు దొరికే పని ఉంటే వాళ్లు ఆ విమానం ఎందుకెక్కుతారు?

పని లేదా అంటే, కావలసినంత ఉంది. భూమి రికార్డులు, పింఛన్లు, రేషన్ అన్నీ కంప్యూటర్లలోకి ఎక్కాయి. వాటికి కాపలా ఎవరు? 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగితే రోజుల తరబడి పనులన్నీ చేతిరాతతోనే నడిపారు. ఎయిమ్స్‌కే ఆ గతి పడితే గురజాల ఆసుపత్రి మాటేమిటి? దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. అసలు దాడి జరిగిందని కనిపెట్టే మనిషి ఆఫీసులో ఉండాలిగా!

1998లో సైబర్ టవర్స్‌తో మొదలుపెట్టి కొలువులన్నీ ఒక్క ఊళ్లోనే కుప్ప పోశారు. 2014లో ఆ ఊరు పొరుగు రాష్ట్రానిదైంది. ఇప్పుడు విశాఖ, అమరావతి అంటున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లా అయిన పల్నాడు వంతు ఎంత అని అడగకూడదా?

మనం అడిగేది ఐటీ టవరేమీ కాదు. నరసరావుపేట జేఎన్‌టీయూ కాలేజీలో సాయంత్రాలు బయటి పట్టభద్రులకూ తెరిచి ఉండే ఒక ల్యాబ్. జిల్లా కార్యాలయాల్లో ఏటా కొందరికి జీతంతో కూడిన అప్రెంటిస్‌షిప్. 2019లో సచివాలయాల్లో చేరిన డిజిటల్ అసిస్టెంట్లకు ఇదే శిక్షణ. ఈ మూడింటి మీద కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వడానికి విద్యార్థి సంఘాలు, ఎన్జీవో మిత్రులు ఎప్పుడు కూర్చుందామంటారు?