యాడి అంటే అమ్మే

దేవరకొండలో మా వీధికి కూరగాయలు తెచ్చే ఆమెది దగ్గర్లోని లంబాడా తండా. ఆ మధ్య ఒకటో తరగతి చదివే మనవరాలిని వెంట తెచ్చింది. "బడిలో ఏం చెప్పారే?" అని అడిగాను. పిల్ల నానమ్మ వెనక దాక్కుంది.

"సార్ జెప్పేది దీనికి సమజ్ గాదక్కా. ఇంట్ల మాది గోర్ మాట. అది మాట్లాడితే తోటి పిల్లలు నవ్వుతరంట" అంది ఆమె.

నాకు చివుక్కుమంది. డిగ్రీకి హైదరాబాద్ హాస్టల్లో చేరినప్పుడు నా 'వస్తున్న, పోతున్న' విని పక్క గది అమ్మాయిలూ ఇలాగే నవ్వారు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డప్పుడు, మన యాసకు ఇన్నాళ్లకు మర్యాద దక్కిందని కళ్లనీళ్లు పెట్టుకున్నదాన్ని. మరి ఈ పిల్ల మాటకు మర్యాద ఏదీ?

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, 1956లో భాషల వారీగా రాష్ట్రాలు గీసుకున్నాం. లంబాడాలు ఆ గీతలకు అటూ ఇటూ చెదిరిపోయారు. ఇక్కడ 1976లో ఎస్టీలయ్యారు. నారాయణపేట హద్దు దాటి కర్ణాటకలో అడుగు పెడితే వాళ్లే ఎస్సీలు. మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే అమ్మ బిడ్డలకు మూడు పేర్లు! 2011 జనాభా లెక్కల్లో 32 లక్షల మందికి పైగా తమ మాతృభాష లంబాడీ అని చెబితే, పట్టికలో దాన్ని హిందీ కింద కలిపేశారు. ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న 22 భాషల్లో దానికి చోటు లేదు.

మన పొరుగున బంగ్లాదేశ్ సంగతి చూడండి. బెంగాలీ కోసం 1952లో ప్రాణాలిచ్చిన నేల అది. 1971లో స్వతంత్రమైంది. మరుసటి ఏడాది రాజ్యాంగంలో పౌరులంతా బెంగాలీలేనని రాసుకుంది. చిట్టగాంగ్ కొండజాతుల ప్రతినిధి మానవేంద్ర నారాయణ్ లార్మా, మేం బెంగాలీలం కామని సభలోనే అభ్యంతరం చెప్పారు. ఎవరూ చెవిన పెట్టలేదు. తర్వాత ఆ కొండల్లో నెత్తురు పారింది. 1997లో గానీ ఒప్పందం కుదరలేదు. తన భాష కోసం ఏడ్చినవాళ్లకే పక్కవాళ్ల ఏడుపు వినబడకపోతే ఎలా?

మన దగ్గర మంచి జరగలేదని కాదు. 2018 చట్టంతో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. తండా ఆడవాళ్లు సర్పంచులయ్యారు. కానీ బడి గడప దగ్గర ఆ పిల్ల ఇంకా మూగదే. తండా బడిలో కనీసం మొదటి రెండేళ్లు వాళ్ల మాట తెలిసిన టీచరమ్మ ఉండాలని మనమూ అడగాలి. అంతకంటే ముందు, తోటి పిల్ల మాట విని నవ్వొద్దని మన పిల్లలకు చెప్పాలి. అది తల్లులుగా మన పని. దానికి ఏ జీవో అక్కర్లేదు.

పోయిన వారం ఆ పిల్ల మళ్లీ వచ్చింది. "మీ మాటలో అమ్మను ఏమంటారే?" అని అడిగాను. నానమ్మ మొహంలోకి చూసి, మెల్లగా "యాడి" అంది. మా అమ్మాయి ఆ మాటను తప్పుగా పలికింది.

ఈసారి నవ్వింది ఆ పిల్లే. నవ్వుతూనే దగ్గరికొచ్చి సరిగా పలకడం నేర్పింది.