ఒక్క వీరుడును ఏడుగురి జట్టును

చెడుగుడు మన పల్లెల యాట. దీనికి బంతి యక్కఱలేదు, బ్యాటు అక్కఱలేదు. కందిచేను కోసిన పిమ్మట మిగిలిన నేల యైనను చాలును. వికారాబాదునందును తాండూరునందును బాలబాలికలకు ఈ యాట క్రొత్తది కాదు. ఇప్పుడు దీనినే కబడ్డీ యనుచున్నారు. దీనిని గూర్చి మేము చెప్పదలచిన మాట యొక్కటి కలదు.

కూతకు పోయినప్పుడెల్ల ఇరువురినో ముగ్గురినో తాకి క్షేమముగా మరలివచ్చు మేటి యొకడు తఱచుగా ప్రతి జట్టునను ఉండును. అట్టివాడు ఎదుటి పక్షమున నున్నచో మనవారికి గుండె జారును. మన పక్షమున నున్నచో తక్కిన ఆరుగురికి పని లేకుండ పోవును. ఈ రెండును కీడులే. అట్టివానిని ఎదుర్కొనుటకును, అట్టివానితో జట్టు కూర్చుకొనుటకును సూత్రము ఒక్కటే యని మా యభిప్రాయము: ఒక్కనిని చూచి కాక ఏడుగురిని చూచి జట్టు కట్టవలెను.

మొదట ఎదుర్కొనుటను విచారింతము. పక్షమునకు ఏడుగురు బరిలో నిలుతురు. కూతకు 30 సెకండ్లు గడువు. తాకబడినవాడును పట్టుబడినవాడును వెలుపల కూర్చుండవలెను. వాని జట్టువారు ఎదుటివారిలో నొకనిని వెలుపలికి పంపినప్పుడే, ముందుగా పోయినవాడు ముందుగా బ్రతికి లోపలికి వచ్చును. ఎదుట ఆరుగురు గాని ఏడుగురు గాని నిలిచియున్నప్పుడు బోనసు గీతను దాటినచో ఒక పాయింటు దొరకును; కాని దానివలన ఎవ్వరును బ్రతికి రారు. ఇందలి మర్మమేమనగా, ఎంతటి మేటియైనను వెలుపల కూర్చున్నంతసేపు తన జట్టునకు ఒక్క పాయింటునైనను తేజాలడు.

కావున ప్రతి కూతలోను వానిమీదికి ఉరుకుట తెలివి గాదు. ఉత్సాహవంతుడైన బాలుడొకడు ఒంటరిగా దూకి మడమ పట్టబోయి తప్పినచో వానికి కానుక యిచ్చినట్లే యగును. మూలనున్నవాడును వాని ప్రక్కవాడును చేయి చేయి పట్టుకొని, వాడు లోతుగా వచ్చువఱకు ఓపికతో నుండి, ఒకడు కాలు పట్టగనే తక్కినవారందఱు మీద పడవలెను. ఒక్కసారి వానిని వెలుపల కూర్చుండబెట్టిన పిమ్మట తొందరపాటు కూడదు. మనవారు కూతకు పోయి పట్టుబడకుండ మరలవలెను. వాని జట్టువారు కూతకు వచ్చినప్పుడు తాకబడకుండ తప్పుకొనవలెను. పెద్ద పోటీలలో వరుసగా రెండు కూతలు వట్టివైనచో మూడవది ఫలించి తీరవలెను. లేనిచో పోయినవాడే వెలుపలికి పోవును. కావున ఆ మూడవ కూతకు ఎవడు పోవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. వానిని ప్రతిసారి పట్టుట మన వశము గాదు. పట్టిన పిమ్మట వానిని తడవుగా వెలుపల నుంచుట మన వశమే.

1990 సంవత్సరమున బీజింగు ఆసియా క్రీడలలో కబడ్డీ చేరినది మొదలు 2014 వఱకు పురుషుల స్వర్ణపతకము ప్రతిమాఱును భారతదేశమునకే వచ్చెను. 2018లో జకార్తాయందు సెమీఫైనలున ఇరాను జట్టు మనవారిని 27–18 పాయింట్ల తేడాతో ఓడించెను. మనకు మేటులు లేకపోలేదు. అంతకు ముందటి యేడే ప్రో కబడ్డీలో ఒక్క సీజనున 369 రైడు పాయింట్లు తెచ్చిన పర్దీప్ నర్వాల్ ఆ జట్టులోనివాడే. ఇరానీయులు ఫజల్ అత్రాచలి మొదలగు పట్టుగాండ్రతో గట్టిగోడ కట్టి నిలిచిరి.

ఇక అట్టి మేటి మనవాడే యైనచో నేమి చేయవలెను? పవన్ సెహ్రావత్ అను ప్రసిద్ధ ఆటగానిని 2022లో తమిళ్ తలైవాస్ వారు గొప్ప ధరకు కొనిరి. మొదటి పోటీలోనే మోకాలికి దెబ్బతగిలి అతడు ఆ సీజనంతయు ఆడలేకపోయెను. అయినను తలైవాస్ వారు తమ చరిత్రలో మొదటిసారిగా ఆ యేడే సెమీఫైనలునకు చేరిరి. మఱుసటి యేడు మన తెలుగు టైటాన్స్ వారు అతనినే 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనిరి. అంతవఱకు ఆ లీగులో ఎవ్వరికిని ఇయ్యని ధర యది. అతడు పాయింట్లు విస్తారముగానే తెచ్చెను. కాని జట్టు 22 పోటీలలో రెంటిని మాత్రమే గెలిచి పండ్రెండు జట్లలో కడపటిదయ్యెను. ఆ సీజను ఫైనలు 2024 మార్చి 1వ తేదీన మన హైదరాబాదునందే జరిగెను. కప్పు గెలిచినది పుణేరీ పల్టన్. వారిలో అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితే మొదలగువారు కూతల భారమును పంచుకొనిరి. వెనుక షాద్లూయీ వంటి పట్టుగాడు నిలిచెను. ఇందు పవనుని లోపమేమియు లేదు. ఒక్కని భుజముపై ఏడుగురి బరువు మోపిన పద్ధతియే లోపము.

భారతములోని ద్రోణపర్వమునందు ఈ రెండు పాఠములును కలవు. అభిమన్యుడు పద్మవ్యూహమును చొచ్చెను. వెంట రావలసినవారిని సైంధవుడు ద్వారముననే నిలిపివేసెను. తోడులేని శౌర్యమునకు అదియే గతి. కర్ణుడు అర్జునునికై దాచుకొన్న శక్తి యొక్కసారి మాత్రమే పనిచేయునది. ఘటోత్కచుని ముందుకు పంపి దానిని వాని మీదనే ఖర్చు చేయించిరి. మహాస్త్రమునకు ఎదురొడ్డుట కాదు, దానిని వ్యర్థపఱచుట యుపాయము.

బాలురు నేడు తెరలపై ఆడు పోకెమాన్ ఆటయందును ఇదియే నీతి. అందు ఆటగాడు ఆఱు వింతజంతువులను జట్టుగా కూర్చుకొనును. 2014లో వాషింగ్టన్ నగరమున ప్రపంచపోటీని గెలిచిన కొరియా దేశస్థుడు సెజున్ పార్క్, ఎవ్వరును లక్ష్యపెట్టని పచిరిసు అను ఉడుతవంటి చిన్నజంతువును జట్టులో చేర్చుకొనెను. అది శత్రువు దెబ్బలను తన మీదికి లాగుకొని తోడివానిని కాపాడినది.

“అట్లయిన బలవంతుని దాచి బలహీనుని పంపుమందురా?” యని కొందఱు అడుగవచ్చును. మేమట్లనము. మేటియే ఎక్కువ పర్యాయములు పోవలెను. కాని వాడు పట్టుబడి వెలుపల కూర్చున్నప్పుడు వానిని బ్రతికించి తెచ్చువారెవరు? తక్కిన ఆరుగురే గదా! కూతకు ఎన్నడును పోనివానికి ఆ వేళ అకస్మాత్తుగా కూత వచ్చునా? మేటి యొక్క ఆట కూడ ఆ చిన్నవాని అభ్యాసముపైననే ఆధారపడియున్నది.

కావున ఉపాధ్యాయులకు మా మనవి: అభ్యాస దినములలో ఏడుగురిచేతను కూత వేయింపుడు, మేటిని మూలకు నిలిపి పట్టుటయు నేర్పుడు, వాని మోకాళ్లకు విశ్రాంతి యిండు. తల్లిదండ్రులకు మా మనవి: బాలుడు ఇంటికి వచ్చినప్పుడు “ఎన్ని పాయింట్లు తెచ్చితివి?” అని మాత్రమే యడుగక, “ఎవరిని బ్రతికించితివి?” అనియు నడుగుడు. బరి యంచున కూర్చుండి పేరు పిలుచువారు లేక ఇంటికి పోవు బాలుడు ఆటను మానును; తుదకు తాను దేనికిని పనికిరానని తలంచును. ఆ నష్టము ఏ కప్పుతోను తీరదు.

విద్యార్థులారా! మీలో బలవంతుడైనవాడు తన బలమును జట్టునకు ఋణముగా నెంచుగాక. బలహీనుడైనవాడు తన వంతు కూతను ఇతరులకు విడువకుండుగాక.