ప్రాజెక్టు నివేదికల్లో కూలి రేటు అంచనా: పునరాలోచన అవసరం

ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల క్రమబద్ధీకరణ పథకం 2020లో ప్రారంభమైంది. దీని కింద వ్యక్తిగత యూనిట్లకు అర్హమైన ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రాయితీ లభిస్తుంది. మిగిలిన భారం రుణంగానో సొంత పెట్టుబడిగానో లబ్ధిదారుపైనే ఉంటుంది. కనుక నివేదికలో దొర్లిన ప్రతి పొరపాటుకు మూల్యం చెల్లించేది లబ్ధిదారే.

కంప్యూటరులో వ్యయ అంచనా వేసేటప్పుడు యంత్రం ధరకు కొటేషన్ అడుగుతాము, విద్యుత్తుకు టారిఫ్ చూస్తాము. కూలి రేటు గడిలో మాత్రం తరచుగా పాత నివేదికలోని అంకెయే మిగిలిపోతుంది. అంచనాలోని అతి బలహీనమైన అంకె అదేనని నా అభిప్రాయం.

మొదటి లోపం, దినసరి కూలినే శ్రమ వ్యయంగా భావించడం. ఉదాహరణకు, కొర్రల పొట్టు తీసే యూనిట్‌లో ఇద్దరు పనివారికి రోజుకు 500 రూపాయల చొప్పున చెల్లిస్తున్నారనుకుందాం. రోజుకు 500 కిలోలు ఆడితే శ్రమ వ్యయం కిలోకు 2 రూపాయలు. విద్యుత్ అంతరాయం, జల్లెడల మార్పు, ముడిసరుకు కొరత కారణంగా 300 కిలోలే ఆడితే అది 3.33 రూపాయలకు చేరుతుంది. కూలి మారలేదు, వ్యయం మాత్రం మూడింట రెండు వంతులు పెరిగింది.

రెండవది, కుటుంబ శ్రమను సున్నాగా చూపడం. అదే యూనిట్‌ను ఇద్దరు మహిళలు స్వయంగా నడుపుతూ, నివేదికలో కిలోకు 3 రూపాయల లాభం చూపారనుకుందాం. వారి శ్రమకు వెల కడితే ఆ లాభం 33 పైసల నష్టంగా తేలుతుంది. వారిలో ఒకరు అనారోగ్యంతో పనికి రాలేని నాడే ఈ సత్యం బయటపడుతుంది.

మూడవది, రుణ కాలమంతటికీ ఒకే రేటు వేయడం. కనీస వేతనాలలోని కరవు భత్యం వినియోగదారుల ధరల సూచీని అనుసరించి మారుతుంది. వరి నాట్లు, పత్తి తీతల కాలంలో స్థానిక కూలి రేట్లు పెరుగుతాయి. పనివారి సంఖ్య పెరిగిన యూనిట్లకు ఈ.ఎస్.ఐ., భవిష్య నిధి వంటి చెల్లింపులు తోడవుతాయి.

పరిష్కారం కష్టమైనది కాదు. అంచనాలకు ప్రత్యేక పట్టిక ఉంచి, కూలి రేటు, నైపుణ్య స్థాయి, సేకరించిన తేదీ, ఆధారం, వాస్తవ ఉత్పాదక గంటలు అందులో నమోదు చేయాలి. సూత్రాలన్నీ ఆ ఒక్క పట్టికనుండే అంకెలు తీసుకోవాలి. ఆపై కూలిని 10, 20 శాతం పెంచి లాభాన్ని పరీక్షించాలి. ఏ కూలి రేటు వద్ద లాభం సున్నా అవుతుందో నివేదికలోనే పేర్కొనాలి.

విద్యార్థులకు ప్రాజెక్టు నివేదిక తయారీ బోధించేటప్పుడు ఈ పరీక్షను తప్పనిసరి చేయడం సముచితం. బ్యాంకు ఆమోదించినంత మాత్రాన నివేదిక సరైనదని చెప్పలేము. యూనిట్‌లో పనిచేసే ప్రతివారికీ కూలి గిట్టినప్పుడే అది సరైనది.