ఇల్లు కొన్నారు సరే, ఇంట్లో ఎప్పుడుంటారు?

చిరంజీవులకు,



ఫిబ్రవరి నెలాఖరుకొచ్చింది. మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం ఎండ ఇంకా చురుక్కుమంటోంది గానీ, పొద్దు వాలేసరికి గాలి చల్లబడుతోంది. పెరట్లో గాలా ఆపిల్ కోతకొచ్చింది. కాయను అరచేతిలోకి తీసుకుని కాస్త పైకెత్తి మెలితిప్పితే, పండినదైతే తొడిమతో సహా ఊడి వస్తుంది. రాకపోతే లాగకూడదు, వదిలేయాలి. పక్కనున్న గ్రానీ స్మిత్‌కి ఇంకో నెల పైనే పడుతుంది. పులుపు కోసం నేను ఆ పచ్చికాయల మీదే పడతాను. కందిపప్పులో వేసి తాలింపు పెడితే, మామిడికాయ దొరకని లోటు ఆ పూటకి తీరుతుంది. సన్నగా తరిగి ఉప్పు, కారం, ఆవపిండి, నూనె కలిపితే అప్పటికప్పుడు పచ్చడి.

ఈ పుల్ల ఆపిల్ పుట్టింది మన దేశంలో కాదు, మీరున్న ఈ దేశంలోనే. సిడ్నీ దగ్గర ఈస్ట్‌వుడ్‌లో మరియా ఆన్ స్మిత్ అనే రైతు ఇల్లాలు ఉండేది. 1868 ప్రాంతంలో, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో, వాగు పక్కన తనంతట తాను మొలిచిన ఒక ఆపిల్ మొక్క ఆమె కంటపడింది. పారేసిన కాయల గింజల్లోంచి మొలిచిందంటారు. పిచ్చిమొక్క అని పీకేయకుండా పెంచింది. 1870లో కన్నుమూసింది. గింజ వేస్తే అదే రకం రాదు కాబట్టి, ఆ చెట్టు కొమ్మలతోనే అంట్లు కట్టుకుంటూ వచ్చారు. ఇవాళ లోకమంతా తినే గ్రానీ స్మిత్‌లన్నీ ఆ ఒక్క మొక్క సంతానమే. వాగు వైపు వెళ్లి చూసే తీరిక ఆమెకు ఉండబట్టే మనకీ పండు దక్కింది.

మీకు లేనిది ఆ తీరికే. ముప్పై ఏళ్ల అప్పు నెత్తినేసుకుని ఇల్లు కొన్నారు. వారమంతా ఆఫీసు, శనివారం పిల్లల క్లాసులు, ఆదివారం ఎవరింటికో విందు. వాయిదాలు కడుతున్న ఇంట్లో మీరు కేవలం నిద్రపోతున్నారు. సంపాదన తప్పు కాదు, స్నేహాలూ తప్పు కాదు. ఏ పనీ పెట్టుకోకుండా ఇంటిపట్టున ఉన్న రోజును వృథా అనుకోవడమే తప్పు.

విక్టోరియా రాష్ట్రంలో మార్చి రెండో సోమవారం లేబర్ డే సెలవు ఎందుకిస్తారో తెలుసా? 1856 ఏప్రిల్ 21న మెల్‌బోర్న్ యూనివర్సిటీ కడుతున్న రాతిపనివాళ్లు పని ఆపి పార్లమెంటు భవనం దాకా నడిచారు. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, ఎనిమిది గంటలు సొంతానికి కావాలని అడిగి, కూలి తగ్గకుండా సాధించుకున్నారు. వాళ్లు పోరాడి తెచ్చిన ఆ గంటల్ని మీరు ల్యాప్‌టాప్‌కి ధారపోస్తున్నారు.

ఆ గంటల్లో కాసేపు ఒక చెట్టుకివ్వండి. పెరడు లేకపోతే పొట్టి రకం ఆపిల్‌ను తొట్టిలో పెంచవచ్చు. చలికాలంలో నర్సరీల్లో మొక్కలు వస్తాయి. ఒకే సమయంలో పూసే రెండు రకాలు తెచ్చుకుంటే కాపు బాగుంటుంది. చెట్టుకు వల కప్పేటప్పుడు ఆ వల కన్నాల్లో వేలు దూరకుండా చూసుకోండి. గబ్బిలాలు, పిట్టలు చిక్కుకుని చావకూడదని 2021 నుంచి ఇక్కడ దానికి చట్టమే ఉంది.

చెట్టు కాపుకొచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ లేబర్ డేకి టికెట్లు బుక్ చేయకండి, ఎవర్నీ పిలవకండి. ఇంట్లో ఉండి, పప్పు వండుకుని, పిల్లలతో కలిసి తినండి.

మీ అమ్మమ్మ