సురవరం వారిని రాజకీయం చెడగొట్టిందా?

సాహిత్య విమర్శకుడు రాజకీయాల జోలికి పోరాదనే మాట మా నిజామాబాదు సాహిత్య సభల్లో తరచుగా వినబడుతుంది. మొన్నొక సభలో అందుకు సురవరం ప్రతాపరెడ్డిగారినే ఉదాహరణగా చూపారు. శాసనసభకు పోకుండా ఉంటే ఆయన మరిన్ని గ్రంథాలు రాసేవారట! వక్త పెద్దవారు గనుక అక్కడ ఊరకున్నాను. ఇక్కడ ఊరకుండలేను.

ముందు తేదీలు చూద్దాం. గోలకొండ పత్రిక ప్రారంభం 1926. జోగిపేటలో ప్రథమ ఆంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షత వహించినది 1930. గోలకొండ కవుల సంచిక వెలువడినది ఆ తరువాత, 1934లో. ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో. వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైనది 1952. కన్నుమూసినది 1953 ఆగస్టు. అనగా శాసనసభ తీసుకున్నది ఏడాదిన్నర. ప్రజాజీవితం పాతికేళ్ల పైచిలుకు. ఆ రెండు పుస్తకాలూ ఆ ప్రజాజీవితం నడుమ పుట్టినవే.

తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సురవరం వ్యాసంతో సరిపెట్టుకోలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి అచ్చువేశారు. ఇది సాహిత్యమా, రాజకీయమా? ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు కవులను పేరుపేరునా లెక్కించటం రెండూను. కావ్యాలను ఆయన చదివిన తీరు కూడా అటువంటిదే. జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలాడారు అని వాటిలో వెదికారు. జనంలో తిరగనివానికి ఆ ప్రశ్నలు తోచవు.

పదవి వలన పక్షపాతం వస్తుందన్న భయం అసత్యమనను. జెండా రంగును బట్టి పద్యాన్ని తూచేవారిని నేనూ ఎరుగుదును. కాని గడప దాటనివారికి పక్షపాతం ఉండదని ఎవరన్నారు?

ఇక మన సంగతి. 1937లో ఆంధ్ర మహాసభ ఇదే నిజామాబాదులో, మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది. ఆ ఏడే బోధనులో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. నిజాంసాగరు కాలువ కింద చెరుకు, శక్కర్‌నగర్‌లో కొలువు: తరాలు వాటి మీద బ్రతికాయి. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుపరమైంది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. చెరుకు కొట్టేవారి పాటలు, బండ్ల వరుసలో రాత్రంతా మేలుకొన్న రైతుల ముచ్చట్లు, తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసిన ఆ వాడల నుడికారం ఒకచోట చేర్చిన సంపుటం నా అల్మరాలో ఒక్కటీ లేదు. రాజకీయం అంటకుండా కాపాడుకొన్న ఈ చేతులతో మనం చేసినదేమిటి?

నన్ను నేను మినహాయించుకోవటం లేదు. ఇరవై ఏళ్లు ప్రబంధాల అలంకారాలే రాశాను. వచ్చే ఆదివారం ఒక నోటుపుస్తకంతో బోధను బస్సెక్కుతున్నాను. సురవరం వారిపై జాలి చూపే మిత్రులెవరైనా వస్తానంటే పక్కన చోటుంచుతాను.